ఇంట్లో కుండీల్లో మిర్చి, టమాట నారు: నీళ్లు, ఎరువుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి బాల్కనీలో, కిటికీ గట్ల మీద ఏటా వందకు పైగా మిర్చి, టమాట మొక్కలకు నారు పోస్తాను. కొన్ని మేం ఉంచుకుంటాం, మిగతావి ఇరుగుపొరుగు వాళ్లకు ఇస్తాను. మా పుట్టిల్లు నర్సంపేట దగ్గర. మిర్చి చేన్ల మధ్యే పెరిగాను. నారు తీసుకుపోయినవాళ్లు రెండో వారంలోనే ఫోన్ చేస్తారు. "అక్కా, మొక్క డల్‌గా ఉంది, ఏం వెయ్యాలె?" అని. చాలామందికి నేను చెప్పేది ఒకటే: ఏమీ వేయకండి, ముందు నీళ్లు ఆపండి. ఆకలితో చచ్చిన లేత మొక్కను నేను ఇంతవరకూ చూడలేదు. ప్రేమ ఎక్కువై, నీళ్లలో మునిగి, ఎరువుకు మాడి పోయినవి మాత్రం బోలెడు చూశాను. అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

నీళ్లు రోజుకు ఎన్నిసార్లు పోయాలి?

రోజుల లెక్క పెట్టుకోవద్దు. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు అరలీటరు కుండీలో తడి నాలుగైదు రోజులైనా ఆరదు. అదే కుండీ ఏప్రిల్‌లో ఒక్క రోజుకే ఎండిపోతుంది. "రోజు విడిచి రోజు" అని ఎవరైనా చెప్తే, అది వాళ్లింటి కుండీకి, వాళ్లింటి గాలికి సరిపోయిన లెక్క.

మా బాపు చేన్లో పిడికెడు మట్టి తీసి నొక్కి చూసేవాడు. ముద్ద అయి, వేలితో తడితే పొడిపొడిగా విడిపోతే పదును ఉన్నట్టు. ముద్ద విడిపోకపోతే తడి ఎక్కువ. ముద్దే కాకపోతే తడి పెట్టాలి. కుండీలోనూ ఇదే పద్ధతి, కాకపోతే మట్టి తీయకుండా చూపుడు వేలు మొదటి కణుపు దాకా దించి చూడండి. అక్కడ చల్లగా, తడిగా తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. పైపొర ఎండి తెల్లబడినంత మాత్రాన లోపల ఎండినట్టు కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఇంకా నమ్మకమైనది బరువు. నీళ్లు బాగా పోసి, అడుగు నుంచి కారడం ఆగాక కుండీని చేత్తో లేపి చూడండి. రోజూ పొద్దున అట్లాగే లేపండి. బాగా తేలికైందని చెయ్యి చెప్పిన రోజు నీళ్లు పోయండి. వారం రోజుల్లో చేతికి లెక్క అందుతుంది. మా అత్తమ్మకు కళ్లు సరిగా కనపడవు, కానీ ఏ కుండీకి నీళ్లు కావాలో లేపి చూసి నాకంటే ముందు చెప్తుంది.

ఒక్కో మొక్కకు ఎన్ని నీళ్లు?

ప్రో ట్రేలో (చిన్న చిన్న గుంటలుండే ప్లాస్టిక్ నారు ట్రే) ఉన్న మొలకలకు స్ప్రే బాటిల్‌తో పైపొర తడిస్తే చాలు. కాగితం గ్లాసులో పెట్టిన మొక్కకు ఒక చిన్న టీ గ్లాసులో సగం. నాలుగంగుళాల కుండీకి 100 నుంచి 150 మిల్లీలీటర్లు. అంతకంటే పెద్దదైతే కొలతలు వదిలేయండి. అడుగు రంధ్రం నుంచి కొద్దిగా కారేదాకా నెమ్మదిగా పోసి ఆపండి. పోసినదాంట్లో పదో వంతు కిందికి దిగితే సరిపోయినట్టే.

రోజూ నాలుగు చుక్కలు చిలకరించడం కంటే, ఆరనిచ్చి ఒకేసారి నిండుగా పోయడం మంచిది. నాలుగు చుక్కలతో పైన అంగుళమే తడుస్తుంది, వేర్లు అక్కడే ఆగిపోతాయి. మట్టి ఆరుతుంటే గాలి లోపలికి దిగుతుంది, వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోతుంది. ఆ ఆరుతడి లేకుండా పెరిగిన మొక్క పెద్ద కుండీలోకి మార్చగానే తట్టుకోలేదు.

కుండీ కింద పళ్లెం పెడితే, నీళ్లు పోసిన అరగంటకు అందులో మిగిలినవి పారబోయండి. రాత్రంతా ఆ నీళ్లలో నిలబడితే అడుగు వేర్లు కుళ్లిపోతాయి. రంధ్రం లేని కుండీ ఎంత అందంగా ఉన్నా నారుకు వాడొద్దు.

పొద్దున పోయాలా, సాయంత్రమా?

పొద్దున. ఇంటి లోపల గాలి కదలిక తక్కువ కాబట్టి సాయంత్రం తడిపిన ఆకు, కాండం మొదలు రాత్రంతా తడిగానే ఉంటాయి, శిలీంధ్రానికి కావలసింది అదే. మరీ వాడిపోయి కనిపిస్తే మాత్రం ఏ వేళైనా సరే, ఆకుల మీద పడకుండా మట్టి మీద పోయండి.

నిన్న బాగున్న మొలకలు తెల్లారేసరికి మొదట్లో మెత్తబడి పడిపోయాయి. ఎందుకు?

అది నారు కుళ్లు తెగులు. ఎక్కువగా పిథియం, రైజోక్టోనియా అనే మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. మట్టికి ఆనుకున్న చోట కాండం నీరుపట్టినట్టై, దారంలా సన్నబడి, మొక్క పక్కకు ఒరుగుతుంది. పడిపోయినదాన్ని బతికించలేం. దాన్ని చుట్టూ ఉన్న కొంచెం మట్టితో సహా తీసి బయట పారేయండి. మిగిలినవాటికి వెంటనే నీళ్లు ఆపి, గాలి తగిలే చోటుకు జరపండి. విస్తరిస్తున్నట్టు కనిపిస్తే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. ఆ పని బాల్కనీలోనో మిద్దె మీదో, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి. పిల్లలను దగ్గరికి రానీయొద్దు.

రాకుండా చూసుకోవడమే మేలు. గింజలు ఒత్తుగా చల్లొద్దు. మొలిచాక మూత గానీ పాలిథిన్ కవర్ గానీ ఉంచొద్దు. మొలక తల ఎత్తిన రోజే కవర్ తీసేయాలి. నిరుడు శ్రావణంలో నేను ఊరికి పోయి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాను. కవర్ కింద ఉన్న ట్రేలో అరవై దాకా టమాట మిర్చి అనే మిర్చి రకం మొలకలు పడిపోయి ఉన్నాయి. ఆ గింజలు మా అమ్మ ఎంచి దాచినవి. ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

టమాట మిర్చి అంటే చపాటా మిర్చే. గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుండీలోనూ బాగా కాస్తుంది. ఇంట్లో వేసుకోవాలంటే నేను మొదట చెప్పేది ఈ రకమే.

మొలకకు ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొలిచాక కనీసం రెండు వారాలు ఏమీ వద్దు. మొదట కనిపించే నున్నటి రెండు ఆకులు అసలు ఆకులు కావు, అవి బీజదళాలు. గింజలో దాచిన తిండి వాటి ద్వారానే మొక్కకు అందుతుంది. ఆ తర్వాత వచ్చేవి అసలు ఆకులు. వాటిలో రెండు జతలు పూర్తిగా విప్పుకున్నాక ఎరువు గురించి ఆలోచించండి. మట్టిలో వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు) కలిపి ఉంటే ఇంకో వారం ఆగినా నష్టం లేదు.

పనిచేసి రాలిపోయే బీజదళాలు పసుపుపచ్చగా మారితే టెన్షన్ పడకండి. వాటి పని అయిపోయిందంతే.

నారుకు మట్టి ఎట్లా కలపాలి? చెరువు మట్టి మంచిదంటారు కదా?

చేనుకు చెరువు మట్టి నిజంగా బంగారమే. మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా ఊరి చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లలో చెల్కలకు తోలుకున్నాం. తేమ నిలవని ఎర్ర చెల్కకు అది పట్టునిచ్చింది. కానీ కుండీ సంగతి వేరు. పూడిక మట్టిలో సన్నటి బంక ఎక్కువ. పది అంగుళాల డబ్బాలో రెండుసార్లు నీళ్లు పోస్తే ఇటుకలా గట్టిపడుతుంది. లోపల గాలి ఆడదు, ఆరితే అంచుల వెంట పగుళ్లిచ్చి నీళ్లు ఆ సందుల్లో నుంచే జారిపోతాయి. నల్లరేగడికీ ఇదే బాధ.

నేను వాడేది ఇది. గింజలు మొలిపించడానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మూడు పాళ్లు, జల్లించిన వర్మీ కంపోస్టు ఒక పాలు. గ్లాసులు, కుండీల్లోకి మార్చేటప్పుడు ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ ఒకటి, వర్మీ కంపోస్టు ఒకటి, బకెట్‌కు పిడికెడు వేప పిండి. చెరువు మట్టి దొరికితే పెద్ద కుండీలో ఎర్రమట్టికి బదులు నాలుగో వంతు దాకా కలపొచ్చు, అంతకు మించొద్దు.

వర్మీ కంపోస్టు లేకపోతే పశువుల ఎరువు వాడొచ్చు, అయితే బాగా చివికినదై ఉండాలి. చేత్తో నలిపితే టీపొడిలా రాలాలి, పెంట వాసన రాకూడదు. పచ్చి పెంట కుండీలో వేస్తే కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది, వేరు పురుగులూ వస్తాయి. లేత వేరు దానికి నిలవదు.

కోకోపీట్ కడగాలా?

తప్పకుండా. కొబ్బరి పీచు పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. కడిగిందని ప్యాకెట్ మీద రాసినా నేను మళ్లీ కడుగుతాను. ఒకసారి ఒక దుకాణంలో కొన్న కోకోపీట్ ఇటుకను (ఇటుకలా నొక్కి అమ్మే పొట్టు) నమ్మి నేరుగా వాడాను. మొలకల ఆకుల అంచులు వారంలోనే మాడాయి. ఎరువు చాలలేదనుకుని ఎరువు పోశాను, ఇంకా మాడాయి. ఉప్పు మీద ఉప్పు వేశానని అర్థమయ్యేసరికి సగం పోయాయి.

ఇటుకను నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, కొత్త నీళ్లలో మళ్లీ నానబెట్టండి. మూడుసార్లు చేస్తే పిండిన నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి. 650 గ్రాముల ఇటుక నానితే ఎనిమిది లీటర్ల దాకా పొట్టు అవుతుంది, కాబట్టి పెద్ద బకెట్ తీసుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: కోకోపీట్‌లో తిండి దాదాపు ఏమీ ఉండదు, అది తడిని పట్టి ఉంచుతుందంతే. ఒట్టి కోకోపీట్‌లో పెంచితే ఎరువు కాస్త ముందే మొదలుపెట్టాలి.

19:19:19 ఎంత వేయాలి?

నీళ్లలో పూర్తిగా కరిగే ఈ ఎరువులో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమానంగా ఉంటాయి. చేన్లలో పైరు మీద పిచికారీకి లీటరుకు 5 గ్రాములు చెప్తారు. ఆ లెక్క పెద్ద పైరుకు. ఇంట్లో నారుకు ఆ మోతాదు పోయొద్దు.

రెండు జతల అసలు ఆకులప్పుడు లీటరు నీటికి అర గ్రాము, వారానికి ఒకసారి. నాలుగు జతలు దాటాక లీటరుకు ఒక గ్రాము, వారానికి ఒకసారే. మధ్యలో అన్నీ మామూలు నీళ్లు. టీ స్పూన్‌లో నాలుగో వంతు తీసుకుంటే ఒక గ్రాము పైచిలుకు ఉంటుంది. నగలు తూచే చిన్న త్రాసు కొనుక్కుంటే ఇంకా మేలు, ధర పెద్దగా ఉండదు.

ఎరువు నీళ్లను ఎండిన మట్టిలో పోయొద్దు. ముందు కాసిని మామూలు నీళ్లు పోసి, పావుగంట ఆగి, తర్వాత ఎరువు నీళ్లు పోయండి. ఎండిన మట్టిలో వేరు చుట్టూ లవణాలు చిక్కబడతాయి, అప్పుడే ఆకు కొనలు మాడతాయి. ఒక వారం మరిచిపోతే వచ్చే వారం రెట్టింపు చేయొద్దు. వాడిపోయిన మొక్కకు, జబ్బుపడ్డ మొక్కకు, నిన్ననే కుండీ మార్చిన మొక్కకు ఎరువు అసలే వద్దు.

ఇంట్లో యూరియా, డీఏపీ ఉన్నాయి. కొంచెం వేయొచ్చా?

లేత మొక్కకు వద్దు. యూరియాలో 46 శాతం నత్రజనే. మా ఊళ్లో ఎకరానికి చల్లే వస్తువు అది, గ్లాసు మట్టిలో చిటికెడు పడినా ఎక్కువే. పెరిగినా ఆకు మెతకగా, కాండం నీరు పట్టినట్టు పెరుగుతుంది, పేనుబంక, తామర పురుగు లాంటి రసం పీల్చే పురుగులకు అట్లాంటి లేత ఆకే ఇష్టం. డీఏపీ గుళిక వేరుకు తగిలిన చోట వేరు మాడుతుంది. ఇంట్లో ఉన్నాయని వాడకండి, ఊరికి పోయేటప్పుడు చేనుకు ఇచ్చేయండి.

జీవామృతం, పల్లి చెక్క నీళ్లు?

రెండూ మంచివే, కాకపోతే పలచగా. చేను కోసం చేసే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు పులియబెడతారు. ఇంటికి అంత అక్కర్లేదు, ఊరి నుంచి బాటిల్‌లో తెచ్చుకుంటే వడకట్టి, ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, నెల దాటిన మొక్కలకు పదిహేను రోజులకోసారి పోయండి. బాటిల్ మూత గట్టిగా బిగించొద్దు. అది ఇంకా పులుస్తూ గ్యాస్ వదులుతుంది, బాటిల్ పగిలే ప్రమాదం ఉంది.

పల్లి చెక్కను మూడు నాలుగు రోజులు నానబెట్టి, పైన తేరిన నీళ్లను పదింతలు పలచన చేసి వాడతారు. మిద్దె మీద అయితే సరే. గదిలో వాసన భరించలేం, ఈగలూ చేరతాయి. ఇంటి లోపల పెట్టిన నారుకు వర్మీ కంపోస్టు నీళ్లు చాలు: రెండు గుప్పిళ్ల కంపోస్టు ఒక లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, వడకట్టి పోసేయడమే. వాసన ఉండదు, మాడదు. నేను ఎక్కువగా వాడేది ఇదే.

బియ్యం కడిగిన నీళ్లు, టీపొడి, గుడ్డు పెంకులు?

బియ్యం కడిగిన నీళ్లు అప్పటికప్పుడు వారానికి ఒకసారి పోస్తే తప్పులేదు, దానివల్ల పెద్ద బలమూ రాదు. పులిసినవి మాత్రం ఇంట్లో కుండీలకు పోయొద్దు. చక్కెర, పాలు కలిసిన టీపొడి మట్టి మీద బూజు పట్టిస్తుంది. గుడ్డు పెంకులు చాలా నెమ్మదిగా కరుగుతాయి. పైగా మన బోరు నీళ్లలో సున్నం ఎట్లాగూ ఉంటుంది. ఇవన్నీ ఒక మూల కంపోస్టు డబ్బాలో వేసి, చివికాక వాడితే ఉపయోగం ఉంటుంది.

నల్లా నీళ్లు మంచివా, బోరు నీళ్లా? ఆర్‌ఓ నుంచి వృథాగా పోయే నీళ్లు?

ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నీళ్లు శుద్ధి అయి నల్లాకు వస్తాయి. బ్లీచింగ్ వాసన ఉంటే బకెట్‌లో మూత లేకుండా రాత్రంతా ఉంచితే చాలు. నారుకు నా మొదటి ఓటు వాన నీళ్లకు, తర్వాత నల్లా నీళ్లకు.

బోరు నీళ్లు ఒక్కో వాడలో ఒక్కో తీరు. నీళ్లు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతుంటే మీ బోరులో సున్నం ఎక్కువ. అవే పోస్తూ పోతే కుండీ అంచున, మట్టి మీద తెల్లని పొక్కు తేలుతుంది, మట్టి క్షారం వైపు జరుగుతుంది, అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. బోరు తప్ప వేరే దారి లేకపోతే సగం వాన నీళ్లో నల్లా నీళ్లో కలపండి. నెలకోసారి కుండీకి రెండింతల మంచి నీళ్లు నెమ్మదిగా పోసి, అడుగు నుంచి పూర్తిగా దిగనిస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి. ఆ పని ఎండ ఉన్న రోజు పొద్దున చేయండి, మట్టి త్వరగా ఆరుతుంది.

ఆర్‌ఓ నుంచి పక్క పైపులో వచ్చే నీళ్లు వద్దు. మంచి నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. బట్టలకు, బాత్రూంకు వాడుకోండి. ఎయిర్ కూలర్ అడుగున మిగిలినవీ అంతే. ఏసీ నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, లవణాలు ఉండవు, బోరు నీళ్లలో కలపడానికి బాగుంటాయి.

మొక్క సన్నగా, పొడుగ్గా సాగుతోంది. బలం చాలడం లేదా?

బలం కాదు, వెలుతురు చాలడం లేదు. ఈ ఒక్క విషయం మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎరువు పోసి చంపే మొక్కల్లో ఇవే ఎక్కువ.

"దక్షిణం కిటికీ దగ్గర పెట్టాను, ఎండ బాగా వస్తుంది" అంటారు. చలికాలంలో అది నిజమే, సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. కానీ వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నడిమి నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే మృగశిర కార్తెలో, సరిగ్గా మనం మిర్చి నారు పోసే రోజుల్లో, దక్షిణం కిటికీలోకి నేరు ఎండ రాదు. పైన మబ్బులు కూడా తోడైతే గదిలో మొక్కకు చీకటే. మన కంటికి గది వెలుతురుగానే కనిపిస్తుంది, ఆకుకు అది చాలదు. వెలుతురు కోసం మెడ చాచుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది.

వెలుతురు తక్కువైన మొక్క నీళ్లూ తక్కువే తాగుతుంది, ఎరువూ తక్కువే తింటుంది. అది తెలియక రోజూ నీళ్లు, పైన ఎరువు. మట్టి ఆరదు, వేరు కుళ్లుతుంది. కాబట్టి ముందు చోటు మార్చండి. ఏడాది పొడుగునా నమ్మదగినది తూర్పు కిటికీ లేదా తూర్పు బాల్కనీ, పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి. అట్లాంటి చోటు లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ ట్యూబు మొక్క తలకు జానెడు ఎత్తున కట్టి రోజుకు 14 గంటలు వెలిగించండి. మొక్క పెరిగిన కొద్దీ ట్యూబు పైకి జరపండి. రాత్రి ఆర్పేయాలి.

సాగిపోయిన టమాటను కాండం సగం దాకా మట్టిలో దించి నాటుకోవచ్చు, పూడిన చోట వేర్లు పుట్టుకొస్తాయి. మిర్చి అంతగా వేర్లు వేయదు, కాబట్టి దాన్ని మరీ లోతుగా దించొద్దు.

ఆకులు వాలిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?

రెండింటికీ ఆకు వాలుతుంది, అందుకే కంగారులో అందరూ చెంబు తీసుకుంటారు. ముందు కుండీ లేపండి. తేలికగా ఉంటే, ఆకు పలచగా కాగితంలా తగిలితే దాహం. నీళ్లు పోసిన గంట రెండు గంటల్లో తల ఎత్తుతుంది. బరువుగా ఉండి, ఆకు మందంగా, కిందికి వంగి ఉంటే, పొద్దున చల్లటి వేళ కూడా అట్లాగే ఉంటే వేర్లకు ఊపిరాడడం లేదు. నీళ్లు ఆపి, మట్టి ఉపరితలాన్ని పుల్లతో నెమ్మదిగా కదిపి, గాలి తగిలే నీడకు మార్చండి. కోలుకోవడానికి వారం పట్టొచ్చు.

మధ్యాహ్నం ఎండకు కొద్దిగా వాలి సాయంత్రానికి నిలబడితే అది జబ్బు కాదు.

ఆకులు పసుపుపచ్చగా అవుతున్నాయి.

ఏ ఆకులు అన్నది చూడండి. కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతూ, మట్టి సరిగ్గా ఆరుతూ ఉంటే నత్రజని తక్కువ. ఎరువు నీళ్లు మొదలుపెట్టండి. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం. ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) లీటరుకు 2 గ్రాములు కలిపి ఒకసారి పిచికారీ చేసి పది రోజులు చూడండి. పైన కొత్తగా వచ్చే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా, మిగతాది పసుపుగా ఉంటే ఇనుము లోపం, మన దగ్గర దానికి కారణం చాలాసార్లు బోరు నీళ్లే. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 2 గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయొచ్చు, కానీ నీళ్లు మార్చకపోతే మళ్లీ వస్తుంది. మట్టి ఎప్పుడూ తడిగా ఉండి మొక్కంతా పాలిపోతే పైవేవీ కాదు, నీళ్లు ఎక్కువయ్యాయి.

ఆకులు ముడుచుకుంటున్నాయి. దీనికి ఏ ఎరువు?

దీనికి ఎరువు మందు కాదు. ఆకు అంచులు పైకి పడవలా ముడిస్తే తామర పురుగులు, కిందికి ముడిస్తే తెల్లనల్లి (అదీ రసం పీల్చే అతి చిన్న పురుగే). ఆకు తిప్పి వెనక చూడండి, తెల్ల కాగితం మీద తట్టి చూడండి. 2021-22లో నల్ల తామర పురుగు మన వైపు మిర్చి చేన్లను ఎట్లా ముంచిందో చూసినవాళ్లం, ఇంట్లో నాలుగు కుండీలైనా తేలిగ్గా తీసుకోవద్దు. మొదట్లోనే వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు వెనక తడిసేలా కొట్టండి. ముందు ఒక ఆకు మీద ప్రయత్నించి మర్నాడు చూసుకోండి. ముడత పడిన మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టండి.

కుండీ చుట్టూ చిన్న నల్ల దోమలు ఎగురుతున్నాయి.

మట్టి ఎప్పుడూ తడిగా ఉందని అవి చెప్తున్నాయి. వాటి పిల్లలు తడి మట్టి పైపొరలో బతుకుతూ లేత వేర్లు కొరుకుతాయి. పైన అంగుళం బాగా ఆరనివ్వండి, కొన్నాళ్లు నీళ్లు కింది నుంచి పట్టించండి: పళ్లెంలో నీళ్లు పోసి కుండీని అరగంట ఉంచి తీసేయడం. పసుపు రంగు జిగురు అట్టలు ఎగిరేవాటిని పట్టుకుంటాయి.

ఎండాకాలంలో నారు బతుకుతుందా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పుడు నారు పోయకండి, మృగశిర దాకా ఆగండి. ఉన్న మొక్కలను కాపాడుకోవాలంటే రెండు జాగ్రత్తలు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, అవి పోస్తే వేర్లు ఉడుకుతాయి. పొద్దున ఆరింటికే పోయండి, లేదా ముందురోజు రాత్రి బకెట్‌లో పట్టి ఉంచండి. రెండోది, నల్ల ప్లాస్టిక్ కవర్లకు పడమటి ఎండ తగలనీయొద్దు. పక్కన తెల్ల గుడ్డో పాత గోనె సంచో కప్పండి. కూలర్ గాలి నేరుగా తగిలే చోట కుండీ రెండింతలు త్వరగా ఆరుతుందని గుర్తుంచుకోండి. 42 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎరువు పూర్తిగా ఆపేయండి.

పెద్ద కుండీలోకి ఎప్పుడు మార్చాలి? మొదటే పెద్దదాంట్లో పెడితే పని తప్పుతుంది కదా?

తప్పదు, పెరుగుతుంది. చిన్న వేరు చుట్టూ బకెట్ మట్టి ఉంటే ఆ తడిని తాగేవాళ్లెవరూ ఉండరు. ట్రే నుంచి గ్లాసుకు, గ్లాసు నుంచి నాలుగైదు అంగుళాల కుండీకి, అక్కడి నుంచి పన్నెండు అంగుళాల కుండీకో గ్రో బ్యాగ్‌కో. గ్లాసు అడుగు రంధ్రంలో తెల్లటి వేరు కనిపిస్తే వేళ అయినట్టు. టమాట నారు 25-30 రోజులకు, మిర్చి దాదాపు 40 రోజులకు చివరి చోటుకు సిద్ధమవుతుంది.

బయటికి మార్చే ముందు వారం పది రోజులు గట్టిపరచాలి. మొదటి రోజు గంట ఎండ, రోజుకు కొంచెం పెంచుతూ పోవడం, నీళ్లు కాస్త తగ్గించడం. మార్చే ముందు పూట మాత్రం బాగా తడపండి, మట్టి ముద్ద విడిపోకుండా వస్తుంది. మార్చాక పది రోజులు ఎరువు వద్దు.

బతుకమ్మకు పుట్టింటికి పోతే నాలుగైదు రోజులు నీళ్లు ఎవరు పోయాలి?

వత్తి పద్ధతి పెట్టండి. మూరెడు నూలు తాడును బాగా తడిపి, ఒక కొస కుండీ మట్టిలోకి రెండు అంగుళాలు దించి, రెండో కొస పక్కన ఎత్తు పీట మీద పెట్టిన నీళ్ల బకెట్ అడుగు దాకా వేయండి. మట్టి ఆరిన కొద్దీ తాడు నీళ్లు లాగుతుంది. నైలాన్ తాడు పనికిరాదు. గ్లాసు మొక్కలన్నీ ఒక టబ్బులో దగ్గరగా పెట్టి, నేరు ఎండ తగలని వెలుతురులోకి జరపండి. పోయే వారం ముందే ఒక కుండీకి కట్టి రెండు రోజులు చూడండి, తాడు లావుగా ఉంటే మట్టి మరీ తడుస్తుంది, అప్పుడు సన్నది వాడాలి.

పక్కింటి వదినకు తాళం ఇచ్చి పోసేయమని చెప్పడం కూడా మంచిదే. అయితే ఆమెకు గ్లాసు కొలత చూపించి, కుండీ లేపి చూడమని నేర్పి పోండి. తిరిగి వచ్చిన రోజు మొక్కలు కాస్త నీరసంగా కనిపిస్తే మామూలు నీళ్లే పోయండి. ఎరువు మూడు నాలుగు రోజుల తర్వాత.